పాముకు కేటాయించిన క్వార్టరు

గృహ యోగ్యతా శాఖ కమిషనరు గారు వేసవిలో కొండల మీద జరిగిన ఒక శిక్షణ శిబిరానికి వెళ్ళారు. అక్కడ ఎవరిదో ఒక బొచ్చుకుక్క ఆయన ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. మనశ్శాంతి అంటే ఏమిటో ఆయనకు జీవితంలో మొదటిసారి తెలిసొచ్చింది. ఒక పెద్ద అధికారికి కలిగిన మనశ్శాంతి ఆయనతోనే ఆగిపోవడం మన పరిపాలనలో ఎప్పుడూ జరగలేదు. ఆయన కొండ దిగిన వారానికల్లా 'ప్రాణి సాహచర్య పథకం' అన్ని జిల్లా కార్యాలయాలకూ ఉత్తర్వుగా దిగింది. ప్రతి ఉద్యోగీ ఒక పెంపుడు ప్రాణిని స్వీకరించాలి. దానికి ఇంట్లో ఆరోగ్యకరమైన ఆవాసం ఏర్పాటు చేయాలి. దాని సాంగత్యంలో తన ఒత్తిడిని తగ్గించుకోవాలి. ఒత్తిడి తగ్గనివారి మీద క్రమశిక్షణ చర్య తీసుకోబడుతుంది.

ప్రభుత్వ క్వార్టర్లు మనుషులుండటానికి పనికొస్తాయో లేదో చూసి చెప్పడం ఆ శాఖ పని. పనికిరావని చెబితే మరమ్మతులు చేయించాల్సి వస్తుంది గనక, ఎప్పుడు చూసినా పనికొస్తాయనే చెబుతుంది. కాకినాడలోని దాని జిల్లా కార్యాలయంలో సౌదామిని జూనియర్ అసిస్టెంటు. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఏ తాలూకా నుంచో బదిలీ మీద వచ్చినందుకు సీనియారిటీ జాబితాలో ఆమె పేరు ఆఖర్న పడింది. తరవాత ఎంతమంది చేరినా ఆ పేరు అక్కణ్ణుంచి కదల్లేదు. సి-టైపు క్వార్టర్లో ఆమె, ఆమె పిన్ని అచ్యుతాంబ ఉంటున్నారు. ఆ ఇంటి శ్లాబు వానాకాలం మొదలైన రోజు నుంచీ కారుతుంది. దాని గురించి సౌదామిని ఒకసారి అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ తిరిగి తిరిగి ఆమె సీటుకే వచ్చింది. "తమరి విన్నపం పరిశీలనలో ఉన్నది" అని ఆమే టైపు చేసి, సంతకం చేయించి, తపాలాలో వేసి, ఇంటికెళ్ళి తనే అందుకుంది.

ప్రాణులను హోదా ప్రకారం కేటాయించారు. గెజిటెడ్ అధికారులకు జాతికుక్కలు, సూపరింటెండెంట్లకు లవ్‌బర్డ్స్, సీనియర్ అసిస్టెంట్లకు చేపల తొట్లు, జూనియర్లకు కుందేళ్ళు. జాబితా సౌదామిని దాకా వచ్చేసరికి కుందేళ్ళు అయిపోయాయి. సరిగ్గా అప్పుడే ఎక్కడో విమానాశ్రయంలో ఎవరి సూట్‌కేసులోనో, మడతపెట్టిన చొక్కాల మధ్య, ఒక ఆఫ్రికా పాము దొరికింది. దాన్ని పట్టుకున్నవాళ్ళకు ఎక్కడ ఉంచాలో తెలియలేదు. ప్రాణులకు ఇళ్ళు చూపించే శాఖ ఒకటుందని ఎవరో చెప్పారట. సక్రమమైన కాగితాలతో సహా పంపేశారు.

సూపరింటెండెంటు వరాహమూర్తి గారు పామున్న గుడ్డ సంచీని బల్ల మీద పెట్టించి, తన కుర్చీని వెనక్కి జరుపుకున్నారు. ఇది పామండీ అని సౌదామిని నెమ్మదిగా విన్నవించుకుంది.

"చూడమ్మా, ఉత్తర్వులో పాము అనే మాట ఎక్కడా లేదు. 'ప్రాణి, ఒక నెంబరు, పరిమాణం మధ్యస్థం' అని ఉన్నది. దీనికి ప్రాణం ఉన్నదా లేదా? ఉన్నది. కనుక ఇది ప్రాణి. తిరస్కరించు వెసులుబాటు పథకంలో పొందుపరచబడలేదు" అన్నారాయన.

సౌదామిని సంచీని కూరల బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కింది. బుట్టలో ఏముందో ఆటో అతనితో చెప్పలేదు.

అచ్యుతాంబ టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒక ఊరి వాళ్ళ తిట్లు ఇంకో ఊరికి, ఇంకో ఊరి వాళ్ళ ఏడుపులు ఈ ఊరికి కలిపీ కలిపీ ఆవిడకు దేనికీ కంగారుపడని నిబ్బరం వచ్చేసింది. విషయమంతా విని, కరుస్తుందా అని అడిగింది. విషం లేని జాతట, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుందట, అంతేనట అని సౌదామిని చెప్పింది.

"అయితే భయపడేది మనం కాదన్నమాట. పాపం ఎంత దూరం నుంచి వచ్చేడో. లోపలికి తీసుకురావే, గుమ్మంలో నిలబెట్టేవేంటి" అంది అచ్యుతాంబ. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో దాని పేరు కొత్తాయన.

మర్నాడు సౌదామిని పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరు హసీనా పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేదెలకు సూదులు వేసే మనిషే అయినా, పాముల గురించి ఇష్టంగా చదువుకుంది. ఇన్నాళ్ళకు ఒకరు ఆ సంగతి అడిగినందుకు సంతోషించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. పాము ఒళ్ళు బారుగా చాపుకునేంత పొడుగున్న పెట్టె కావాలి. ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉంటే, తనకెప్పుడు ఏది కావాలో అదే వెతుక్కుంటుంది. వేడి దీపానికి చుట్టూ జాలీ కట్టాలి, లేకపోతే చుట్టుకుని ఒళ్ళు కాల్చుకుంటుంది. రెండు కొసల్లోనూ దాక్కోడానికి ఇరుకైన చోట్లుండాలి. పడుకుని నానేంత నీళ్ళ పళ్ళెం ఉండాలి. తలుపు గట్టిగా ఉండాలి. వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు తిండి కూడా పెట్టకుండా వదిలేయాలి.

"ఇవన్నీ ఒకెత్తండి, దాని జోలికి వెళ్ళకపోవడం ఒకెత్తు. పాముకి స్నేహితులక్కర్లేదు. ఎవరికీ కనపడకుండా ఉండే చోటు కావాలి, అంతే" అని ముగించింది హసీనా.

ఇంట్లో అద్దం తలుపులు పక్కకు జరిగే పొడుగాటి షోకేసు ఒకటుంది. అచ్యుతాంబ అందులోంచి తన ఎక్స్చేంజి రోజుల జ్ఞాపికలను తీసి అటక మీద పెట్టించింది. వడ్రంగి వచ్చి మధ్య చెక్కలు ఊడదీసి, వెనక గాలికి చిల్లులు పెట్టి, సన్నటి జాలీ బిగించి, తలుపుకు తాళం అమర్చాడు. అంబాజీపేట నుంచి కొబ్బరి పొట్టు వచ్చింది. రెండు చిన్న కుండల మూతులు కొంచెం పగలగొట్టి, ఎక్కడా గీసుకోకుండా అంచులు అరగదీసి, బోర్లించి ఆ కొసన ఒకటీ ఈ కొసన ఒకటీ పెట్టారు. వేడి మించకుండా దానంతటదే ఆరిపోయే మీట ఒకటి, రెండు వైపులా చూసుకోడానికి రెండు థర్మామీటర్లు. దానికి తిండిగా గడ్డకట్టిన ఎలుకపిల్లలు పార్సిల్లో వచ్చాయి. వాటిని డబ్బాలో పెట్టి ఫ్రిజ్ పై అరలో దాచారు. ఆ పూట నుంచి అచ్యుతాంబ ఐసు వేసిన నిమ్మరసం తాగడం మానేసింది తప్ప ఒక్క మాట అనలేదు.

సాయంత్రం సంచీ విప్పారు. కొత్తాయన కాసేపు నాలుక ఆడిస్తూ గాలిని రుచి చూశాడు. పొట్టు మీద నెమ్మదిగా పాకి, వెచ్చటి వైపు కుండలోకి దూరి, చుట్ట చుట్టుకుని తల లోపలికి లాక్కున్నాడు. సౌదామిని పీట వేసుకుని దూరంగా కూర్చుని చూస్తూనే ఉండిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని ఇళ్ళు యోగ్యమని రాసిందో లెక్కలేదు. ఒకరు ఉండటానికి నిజంగా యోగ్యమైన ఇల్లు తన చేత్తో తయారవడం ఇదే మొదలు. వారం పోయాక అతను మొదటి ఎలుకను మింగిన రోజున ఆమె ఆఫీసులో ఊరికే నవ్వుకుంటూ కనిపించిందని, పథకం పనిచేస్తోందని వరాహమూర్తి గారు పైకి రాశారు.

ఆ మాట పైకి వెళ్ళడమే పొరపాటైంది. పని చేస్తున్న పథకాన్ని తనిఖీ చేయకుండా వదిలేయడం ఎక్కడా లేదు. నివాస యోగ్యతాధికారి జలంధరరావు గారు టేపు, తేమ కొలిచే యంత్రం, ఇద్దరు సహాయకులతో విచ్చేశారు. షోకేసు చుట్టూ తిరిగి కొలతలు తీసుకుని, ప్రమాణాలకు లోబడి ఉన్నదని ఒప్పుకున్నారు. ఆ తరవాత తలెత్తి గదిని చూశారు. గోడకు చెమ్మ, తలమీద పెచ్చులూడిన శ్లాబు, మూల వేలాడుతున్న తీగలు. ఆయన ముఖం కందగడ్డ అయింది.

"షోకేసు బాగున్నది. షోకేసు ఎక్కడ ఉన్నది? గదిలో ఉన్నది. గది ఎట్లున్నది? ఇట్టి గదిలో ఒక జీవిని ఉంచుట అమానుషం" అన్నారు.

"మేం ఇందులోనే ఉంటున్నామండి, చాలా ఏళ్ళ నుంచి" అంది సౌదామిని.

"మీరు ఈ పథకం పరిధిలోకి రారు" అన్నారాయన దయగానే.

మర్నాడే మేస్త్రీలు దిగారు. ఎన్నో వానాకాలాలుగా కదలని పని రెండు పూటల్లో పూర్తయింది. ఎంత పూర్తయిందంటే, షోకేసు ఎంత చోటు ఆక్రమించిందో పైన శ్లాబు కూడా సరిగ్గా అంత మేరకే బాగైంది. ఆ మేరకు పడ్డ వాన పక్కకు జారిపోయేలా చక్కటి వాలు కూడా పెట్టారు. ఆ వాలు అచ్యుతాంబ మంచం వైపు దిగింది. మొదటి జల్లుకే ఆవిడ పరుపు తడిసి ముద్దయింది. మిగతా శ్లాబు సంగతేమిటని సౌదామిని ఇంజనీరును అడిగింది. అది మానవ నివాసానికి సంబంధించిన వేరే ఫైలు అని, అది పరిశీలనలో ఉన్నదని ఆయన చెప్పాడు.

తరవాత కరెంటు. వేడి దీపం ఆరకూడదు గనక షోకేసుకు ఒక ప్రత్యేక లైను లాగారు. కాలనీ మొత్తం చీకటైనా ఆ దీపం మాత్రం వెలుగుతూనే ఉండేది. ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు అచ్యుతాంబ కుర్చీ షోకేసు పక్కకు లాక్కుని, ఆ వెలుతురులో పేపరు చదువుకుంది. అదే సమయానికి ఆకస్మిక తనిఖీ వచ్చింది. ప్రాణికి కేటాయించిన వెలుతురును మానవ అవసరాలకు మళ్ళించినందుకు సౌదామినికి మెమో ఇచ్చారు.

ఆ తరవాత ప్రశాంతత వంతు వచ్చింది. షోకేసు చుట్టూ సున్నంతో గీత గీసి దానికి 'ప్రశాంత మండలం' అని పేరు పెట్టారు. తనిఖీ వచ్చిన ప్రతిసారీ ఆ గీత కాస్త ముందుకు జరిగి, చివరికి వంటింటి గడప దాటింది. కుక్కరు కూతలు నిషేధం. రేడియో నిషేధం. ఆవాల చిటపట ప్రాణి మనోస్థితికి భంగకరమని తాలింపు కూడా నిషేధించారు. పాములకు చెవులుండవు కదండీ, నేల అదిరితేనే తెలుస్తుంది, మీ బూట్లే ఎక్కువ అదురు అని హసీనా చెప్పిన సంగతిని సౌదామిని జలంధరరావు గారికి వినయంగా తెలియజేసింది. చెవులు లేని జీవి పట్ల మనం మరింత శ్రద్ధ వహించాలని ఆయన సెలవిచ్చారు. తాలింపు లేని చారుతో అన్నం తింటున్నప్పుడు మాత్రం అచ్యుతాంబ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంత చేశాక దాన్ని పదిమందికీ చూపించకపోతే ఎలా. క్వార్టరును 'ఆదర్శ ఆవాసం'గా ప్రకటించారు. పొరుగు జిల్లాల అధికారులు జీపుల్లో రావడం మొదలుపెట్టారు. ప్రశాంత మండలంలో నిలబడి ఫొటోలు దిగారు. కుండలోంచి బయటికి రావడం లేదేమిటని అద్దం మీద వేలితో కొట్టారు. ఒకాయన తన కుక్కను కూడా తెచ్చి, ప్రాణికి ప్రాణి పరిచయం అవసరమన్నాడు. కొత్తాయన కుండలో ఇంకా బిగుసుకుపోయాడు. తిండి మానేశాడు. కరిగించి పెట్టిన ఎలుకపిల్ల పొద్దున్నకు అలాగే ఉండేది. జనం పోయాక బయటికొచ్చి, దారి వెతుక్కుంటున్నట్టు అద్దానికి మూతి రాస్తూ తిరిగేవాడు. మూతి మీద చిన్న పుండు లేచింది.

ప్రాణి ఆహారం నిరాకరించుటకు గల కారణాలపై సంజాయిషీ ఇవ్వాలని సౌదామినికి తాఖీదు వచ్చింది. ఎక్కువమంది వస్తున్నందువల్ల అని ఆమె ఒక్క వాక్యంలో రాసిచ్చింది. ఆ వాక్యంలోని నిజానిజాలు తేల్చడానికి జలంధరరావు గారి అధ్యక్షతన ఒక సమితి వేశారు. సమితి సభ్యులు పొద్దున్నే వచ్చి, షోకేసు చుట్టూ కుర్చీలు వేసుకుని, ప్రాణికి భంగం ఎక్కణ్ణుంచి కలుగుతోందో సాయంత్రం దాకా గమనించేవారు. అచ్యుతాంబ వాళ్ళకు టీలు పెట్టలేక అలిసిపోయింది. కొన్నాళ్ళ పరిశీలన తరవాత, భంగం కలుగుతున్న మాట వాస్తవమేనని, అయితే దాని మూలం అంతుచిక్కడం లేదని సమితి రాసుకుంది.

కబురందుకుని హసీనా వచ్చింది. కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుని వెళ్ళి, పామును తీసి తూచి, పుండుకు మందు రాసి, మళ్ళీ కుండలో పెట్టింది. బాగా చిక్కిపోయిందని, ఇలాగే ఉంటే ఎక్కువ కాలం బతకదని, ముందు అందరూ ఇక్కణ్ణుంచి లేవాలని సమితితో చెప్పింది. డాక్టరు గారి అభిప్రాయం నమోదు చేయబడినదని జలంధరరావు గారన్నారు. ఎవరూ లేవలేదు. అయితే ఆ మాట వాళ్ళను ఆలోచనలో పడేసింది. సమితి ఉన్నది ప్రాణి మేలు కోసం కాబట్టి సమితి వల్ల భంగం కలగదు. సందర్శకులు ప్రభుత్వ అనుమతితో వచ్చారు కాబట్టి వాళ్ళ వల్లా కలగదు. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు? ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు.

క్వార్టరు ప్రాణికి కేటాయించబడినదని, మానవ నివాసులు నెలాఖరులోగా ఖాళీ చేయాలని వచ్చిన నోటీసును సౌదామిని తన సీటులోనే టైపు చేసుకుంది. ఇంటికొచ్చి చెప్పలేక చెప్పింది. ఎక్కడికి పోతామో అచ్యుతాంబ అడగలేదు. షోకేసు వైపు చూస్తూ, మనం పోయాక వీడి గతేంటే అంది. తనకు కూడా అదే దిగులని సౌదామినికి అప్పుడు తెలిసింది.

"నేను ఎక్స్చేంజిలో ఉన్నప్పుడు, రెండు వైపులా ఒకటే గోల పెట్టేస్తుంటే ఏం చేసేదాన్నో తెలుసా? లైను లాగేసేదాన్ని. కాసేపు ఎవరికీ ఎవరూ కలవరు. అందరూ చల్లబడేవారు. ఇప్పుడూ అదే చేద్దాం" అంది అచ్యుతాంబ.

బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిన రోజులవి. మర్నాడు సమితి వచ్చేసరికి క్వార్టరుకు బయట తాళం వేలాడుతోంది. పక్కింటి రమణమ్మ గుమ్మంలోకొచ్చి, వాళ్ళు భీమవరంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళారండీ, ఎప్పుడొస్తారో తెలీదు అని చెప్పింది. తాళం వేసింది ఆవిడే. సౌదామిని, అచ్యుతాంబ లోపలే ఉన్నారు.

ప్రభుత్వ తాళాన్ని పగలగొట్టాలంటే అనుమతి కావాలి. తాళం ప్రభుత్వానిదో, ఉద్యోగినిదో ముందు తేలాలి. అది తేల్చడానికి ఫైలు తెరిచారు. ఈలోగా సమితి వరండాలోనే కుర్చీలు వేసుకుంది. జల్లు కొట్టింది. పరిశీలించవలసిన వస్తువు పరిశీలనకు అందుబాటులో లేదని రాసుకుని, బట్టలు పిండుకుంటూ వెళ్ళిపోయింది. జీపు చప్పుడు మలుపు తిరిగేదాకా లోపల ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

అచ్యుతాంబ పెట్టెలోంచి తన పాత నేత చీర తీసి షోకేసు అద్దాల మీద కప్పింది. ఉతికి ఉతికి మల్లెపువ్వులా మెత్తబడిన చీర అది. బయట ఒకటే వాన. ఇంట్లో మూడొంతులు కారుతోంది. కారని చోటు ఒక్కటే, కొత్తాయన పక్కన. ఇద్దరూ చాప అక్కడే పరుచుకున్నారు. పొయ్యి వెలిగిస్తే పొగ కనిపిస్తుందేమోనని అటుకులు పెరుగులో నానబెట్టుకుని తిన్నారు. చీర అంచులోంచి వచ్చే కొంచెం వెలుతురులో అచ్యుతాంబ గుసగుసగా ఎక్స్చేంజి కబుర్లు చెప్పింది. తను కలిపిన పెళ్ళి సంబంధాలు, తను వినకూడనివి విన్న రోజులు, ఒకసారి తనకే వచ్చి తను ఎత్తకుండా వదిలేసిన ఒక ఫోను. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి పిన్నితో ఇంత తీరిగ్గా కూర్చున్నది ఎన్నడూ లేదని సౌదామినికి అనిపించింది. ఆమె చేత ఒక్క కాగితం కూడా టైపు చేయించని రోజులు అవి. పథకం మొదలైనప్పటి నుంచి ఆమె ఒత్తిడి నిజంగా తగ్గింది కూడా అప్పుడే.

కొన్నాళ్ళు పోయాక, వాన ఇంకా పడుతుండగా, చీర వెనక పొట్టు కదిలిన సవ్వడైంది. సౌదామిని ఎలుకపిల్లను కరిగించి, తలుపు కాస్త జరిపి, పొడుగాటి పటకారుతో అందించి చెయ్యి వెనక్కి తీసుకుంది. కుండలోంచి తల వచ్చింది. నాలుక ఆడింది. మరుక్షణం పటకారు ఖాళీగా ఉంది.

"పిన్నీ, తిన్నాడే" అంది. అచ్యుతాంబ ఆమె తల మీద చెయ్యి వేసి, తినడా మరి, ఇన్నాళ్ళకి కదా ఇంట్లో జనం లేంది అని గుసగుసలాడింది.

భీమవరం నుంచి వచ్చినట్టుగా ఒక పొద్దున వాళ్ళు తాళం తీయించుకున్నారు. హసీనా వచ్చి చూసి, పాము తింటోందని, పుండు మానుతోందని, దాన్ని ఇలాగే వదిలేయమని రాసిచ్చింది. సమితి అత్యవసరంగా సమావేశమైంది. ప్రాణి కోలుకొనుటకు గల కారణాలు మూడని తేల్చింది. ఒకటి, మానవ నివాసులు ఇంట లేకపోవుట. రెండు, పాత చీర. మూడోది సభ్యుల్లో ఒక కుర్రాయన ఏమరుపాటున రాసేశాడు: సమితి లేకపోవుట. అప్పటికే అందరి సంతకాలూ అయిపోయాయి గనక కొట్టివేయడం కుదరలేదు.

కమిషనరు గారు మూడింటినీ ఆమోదించారు. మొదటి దాని ప్రకారం నోటీసు ఖాయమైంది. రెండో దాని ప్రకారం పథకం కింద ఉన్న ప్రతి ఆవాసానికీ పాత చీర కప్పాలి, తెర తొలగించరాదు అని ఉత్తర్వు వచ్చింది. పాత చీరల సరఫరాకు టెండర్లు పిలిచారు. నిబంధనల ప్రకారం శాఖ కొత్త వస్తువులనే కొనాలి. కాబట్టి కొత్త చీరలు కొని, వాటిని పాతబరచడానికి ఇద్దరిని వేసుకున్నారు. మూడో కారణమే కొంచెం ఆలోచింపజేసింది. సమితి గైర్హాజరు వల్ల ఇంతటి సత్ఫలితం వచ్చినప్పుడు ఆ గైర్హాజరును విధివిలాసానికి వదిలేయడం బాధ్యతారాహిత్యం. దాంతో సమితిని శాశ్వతం చేసి, క్రమపద్ధతిలో గైర్హాజరయ్యే పనిని దానికే అప్పగించారు. జలంధరరావు గారికి ఒక గది, కారు, డ్రైవరు వచ్చాయి. నెలకోసారి ఆయన సభ్యులందరినీ కారులో క్వార్టరు మలుపు దాకా తీసుకెళ్ళి, అక్కడ కాసేపు రాకుండా ఉండి, వెనక్కి తీసుకొచ్చేవారు.

ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడింది. సౌదామిని వరాహమూర్తి గారి బల్ల దగ్గర నిలబడి, మేం వెళ్ళాక అతనికి నీళ్ళెవరు మారుస్తారండీ అని అడిగింది. ఆయన ఫైలు తిరగేసి చూశారు.

"తెర తొలగించకుండా నీళ్ళు మార్చు విధానం పరిశీలనలో ఉన్నది" అన్నారు.

ఆ మాటను సౌదామిని తన చేత్తో ఎన్నిసార్లు టైపు చేసిందో. దాని అర్థం ఆ ఆఫీసులో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలాగేనండీ అని వచ్చేసింది.

సామాను లారీకెక్కిస్తుంటే, గుమ్మంలో కొత్తగా వేసిన కాపలాదారు ప్రతి వస్తువునూ తనిఖీ చేశాడు. షోకేసును తాకకూడదు, దాని మీది చీర కదలకూడదు, అది అతనికిచ్చిన ఆజ్ఞ. షోకేసు ఉన్నచోటే ఉంది, దీపం వెలుగుతోంది, చీర కదల్లేదు. అచ్యుతాంబ చంకలో కూరల బుట్ట పెట్టుకుని బయటికొచ్చింది. పైన తోటకూర కట్టలు, కింద ముడేసిన దిండు గలీబు. కాపలాదారు తోటకూరను చూసి తల ఊపాడు. ఆటో కదిలాక సౌదామిని బుట్ట వైపు చూసింది. ప్రభుత్వ ఆస్తిని ఎత్తుకుపోతున్నామే అంది.

"ఎత్తుకుపోవడం ఏంటే, వాడికి ఇల్లు మారుస్తున్నాం. మీ ఆఫీసు పని అదే కదా" అంది అచ్యుతాంబ.

ఎక్స్చేంజిలో ఆవిడతో పనిచేసిన స్నేహితురాలి మేడ మీద వాటా దొరికింది. ఇంటావిడ కుక్కలూ పిల్లులూ ఉన్నాయా అని అడిగింది. లేవండి అని ఇద్దరూ నిజమే చెప్పారు. వాన పడితే శ్లాబు కారలేదు. పాత టీవీ బల్లకు అద్దాలు బిగించి, రెండు కుండలు, పొట్టు, నీళ్ళ పళ్ళెం సర్దారు. హసీనా ఒక సాయంత్రం వచ్చి వేడి వైపూ చల్లటి వైపూ చూసి, టీ తాగి, ఏమీ అడక్కుండా వెళ్ళింది. వంటింట్లో తాలింపు చిటపటలాడింది. కొత్తాయన ఏమీ అనుకోలేదు.

శీతాకాలంలో కమిషనరు గారు ఆదర్శ ఆవాసాన్ని స్వయంగా దర్శించారు. శాశ్వత గైర్హాజరు సమితి నియమం ప్రకారం రాలేదు. ఆయన ఒంటరిగా, బూట్లు విప్పి, చీర కప్పిన షోకేసు ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. నెమ్మదిగా బయటికొచ్చారు. ఇంతటి ప్రశాంతతను తాను కొండల మీద కూడా చూడలేదని, లోపల ఒక మహత్తరమైన నిశ్శబ్దం ఉందని చెప్పారు. అవార్డు ప్రకటించారు. రాష్ట్రంలోని అన్ని ఆవాసాలూ ఇదే స్థాయికి రావాలని ఆదేశించారు.

ఆ ఉదయమే మేడ మీద వాటాలో కొత్తాయన కుబుసం విడిచాడు. మూతి కొస నుంచి తోక చివరి దాకా ఎక్కడా చిరగకుండా, ఒకే ముక్కగా, నీళ్ళ పళ్ళెం పక్కన వదిలేశాడు. సౌదామిని భయపడి ఫోను చేస్తే, అలా ఒకే ముక్కగా వచ్చిందంటే ఇల్లు అతనికి సరిపడిందని అర్థమండీ, హాయిగా ఉన్నాడు అని హసీనా చెప్పింది. ఆమె ఆ మాట మనసులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. అది నెలాఖరు. ప్రాణి స్థితిపై పైకి పంపాల్సిన నివేదిక ఆమె సీటులోనే ఉంది. కాగితం ఎక్కించి, "ప్రాణి ఆరోగ్యంగా, ప్రశాంతంగా ఉన్నది" అని టైపు చేసి వరాహమూర్తి గారి ముందు పెట్టింది. ఆయన చదవకుండానే సంతకం చేశారు. ఆ శాఖ పుట్టినప్పటి నుంచి పైకి వెళ్ళిన నివేదికల్లో అక్షరాలా నిజమైనది అదొక్కటే.